మూతెడు మందు

"మందు పోసినవా?"

కళ్ళు పూర్తిగా తెరవకముందే విజేందర్ నోట్లోంచి వచ్చే మొదటి మాట అదే. దేవుడి పేరు కాదు, పెళ్ళాం పేరు అంతకన్నా కాదు. రూప అప్పటికి వాకిలి ఊడ్చి, పాల ప్యాకెట్ కత్తిరించి, పొయ్యి మీద ఒక పక్క చాయ్, ఇంకో పక్క అన్నం పెట్టి ఉంటుంది. "పోసిన" అంటుంది. పోయకపోయినా పోసిన అనేసి, వెళ్ళి పోస్తుంది. పోయలేదంటే మొక్కల ఆరోగ్యం మీద వచ్చే ఉపన్యాసం వినడం కన్నా మూతెడు మందు పోయడమే సులువు.

కొత్తవాళ్ళెవరైనా వింటే ఆ ఇంట్లో మంచం పట్టిన ముసలివాళ్ళున్నారనుకుంటారు. ఉన్నది అక్వేరియం. నందికొండ హిల్ కాలనీ క్వార్టర్లో, హాల్లో అడుగు పెట్టగానే కనబడేటట్టు, గోడంత పొడుగు గాజు తొట్టి. అందరి ఇళ్ళల్లో ఉండే రంగురాళ్ళు, బుడగలు వదిలే ప్లాస్టిక్ కప్ప అందులో ఉండవు. అన్నీ నిజం మొక్కలే. రిబ్బన్లలాగా ఊగే గడ్డి, మొద్దుకు కట్టిన నాచు, ఎర్రాకుల తీగ, వాటి మధ్య మెరుస్తూ తిరిగే సన్నచేపలు, రొయ్యపిల్లలు. లాక్‌డౌన్‌లో అందరూ పిండివంటలు నేర్చుకుంటుంటే విజేందర్ ఇది నేర్చుకున్నాడు. నీళ్ళ కింద మొక్క బతకాలంటే వెలుతురు ఒక్కటే చాలదట, కార్బన్ కావాలట. స్తోమత ఉన్నవాళ్ళు తొట్టికి గ్యాస్ సిలిండర్ బిగిస్తారు. లేనివాళ్ళు లిక్విడ్ కార్బన్ అనే ద్రవం తెప్పించుకొని, రోజూ పొద్దున లైటు వేసే ముందు మూతతో కొలిచి పోస్తారు. ఇంట్లో అంత పెద్ద పేరుకు నోరు తిరగక అది 'మందు' అయింది.

మొదట్లో పోయడమంటే విజేందర్‌కు పూజ. స్నానం చేసి, మూతను కంటికి ఎదురుగా పెట్టుకొని గీతను చూసి, నెమ్మదిగా వంచేవాడు. తర్వాత ఒకరోజు కాలువ మీద డ్యూటీ పడింది. "ఇయ్యాలొక్కరోజు పొయ్యి రూపా" అన్నాడు. ఆ ఒక్కరోజు ఇంకా అయిపోలేదు. మందుతో పాటు నీళ్ళు మార్చడం వచ్చింది, గాజుకు పట్టిన పాకుడు గీకడం వచ్చింది, కుళ్ళిన ఆకులు కత్తిరించడం వచ్చింది, ఫిల్టర్‌లో స్పాంజి పిండడం వచ్చింది. బకెట్లు మోసి నడుం పట్టేసిందంటే, "ఇంట్ల ఉండేదానివే గదా, నీకు జర ఎక్సర్‌సైజ్ అయితది" అన్నాడు. అతనికి మిగిలింది వీడియోలు తీయడం. వీడియోలో మాత్రం విజేందర్ చేతులకు రబ్బరు తొడుగులుంటాయి. "ఫ్రెండ్స్, ఈ లిక్విడ్‌ను ఉత్త చేతులతో ముట్టుకోవద్దు, వాసన పీల్చవద్దు" అని పుస్తకాల తెలుగులో జాగ్రత్తలు చెప్తాడు. వీడియో అయిపోగానే తొడుగులు విప్పి, మళ్ళీ వీడియోకు పనికొస్తాయని మడిచి దాచుకుంటాడు.

రూప నల్గొండలో బీఎస్సీ చదివింది, బాటనీ ఒక సబ్జెక్టు. ఆ సీసాలో ఉన్నది నిజానికి కార్బన్ గ్యాస్ కాదనీ, దవాఖానలో కత్తులు కత్తెరలు నానబెట్టే ఘాటుమందుకు నీళ్ళు కలిపిందేననీ ఒకసారి చదివి నవ్వుకుంది. పేరొకటి, సరుకొకటి. ఆ ఇంట్లో అట్లాంటివి చాలానే ఉన్నాయి, 'ఇంటికి మహారాణి' అనే మాటతో సహా. ఆ నవ్వు తర్వాత్తర్వాత తగ్గింది. వేళ్ళ కొసలు పసుపు కాని పసుపు రంగుకు తిరిగాయి, సబ్బుకు పోవు. మూత తీయగానే ముక్కులోకి సూది దిగినట్టుండేది. విజేందర్ ఆ వేళ్ళు చూసి, "ఎక్కువ పోస్తున్నవేమో, చూస్కో, రొయ్యపిల్లలు సస్తయ్" అన్నాడు.

సీసా హాల్లో ఉంటే వీడియోలో అసహ్యంగా కనబడుతుందని, వెలుతురు తగలకూడదని చెప్పి వంటింటి అలమారలో, పప్పుడబ్బాల వెనక పెట్టించిందీ అతనే. తడిచేతుల వల్ల సీసా మీది కాయితం ఊడిపోతే రూపే చిన్న చీటీ అంటించింది: 'మందు. ముట్టకండి.' ఇంట్లోకి ఎవరైనా వస్తే శరబత్తనుకొని తాగుతారేమోనని భయం.

ఎండాకాలం మొదట్లో కట్టంగూర్ నుంచి విజేందర్ తల్లి బిక్షమ్మ, అక్క కౌసల్య వచ్చారు. బిక్షమ్మకు కంటి పరీక్ష. కౌసల్యకు తమ్ముణ్ణి చూసి చాలా రోజులైంది. వచ్చినరోజే ట్యాంకు ముందు కుర్చీలు వేసి విజేందర్ అంతా వివరించాడు. "అంత నేనే చేస్కుంట అక్కా. రూపను ముట్టనియ్య. ఆమె చెయ్యి పెడితె ఖరాబైతది." చాయ్ గ్లాసులు పట్టుకొచ్చిన రూప అది విన్నది. వినలేదన్నట్టు గ్లాసులు ఇచ్చింది. చుట్టాలున్నన్ని రోజులూ పొద్దున కేక వినబడలేదు. బాత్రూంలోంచి ఫోన్‌కు మెసేజ్ వచ్చేది. 'మందు?' రూప బొటనవేలు బొమ్మ పంపేది.

విజేందర్ కొంతకాలంగా ఇంట్లో సరిగా తినడం లేదు. కడుపులో మంటంటాడు, కంచంలో సగం వదిలేస్తాడు. ఎందుకో రూపకు తెలుసు. సాయంత్రాలు దోస్తులతో డ్యాం కట్ట దిక్కు పోయి వేయించిన చేపలు, వాటి పక్కన ఇంకో రకం మందు. మన భాషకు ఆ ఒక్క మాట మీద ఎందుకంత మమకారమో. రోగానికి మందు, చేనుకు మందు, సాయంత్రానికి మందు. మృగశిరనాడు పట్నంలో చేపలో మందు పెట్టి మనుషులకిస్తారు, ఈ ఇంట్లో మనిషి చేత చేపలకు పోయిస్తారు. ఇంకో మందు కూడా ఉంది. మొగుణ్ణి చెప్పుచేతల్లో ఉంచుకోవడానికి పెళ్ళాం కూరలో కలిపిపెట్టే మందు. అది ఉందో లేదో ఎవరికీ తెలియదు గానీ, అది పెట్టారని తేల్చేవాళ్ళకు, కక్కించి తీసేవాళ్ళకు ఏ మండలంలోనూ కరువు లేదు.

కౌసల్య కళ్ళు చురుకైనవి. తమ్ముడు చిక్కిపోయాడని మొదటిరోజే కనిపెట్టింది. రూప వేళ్ళకొసలు చూసింది. మొద్దు మీద నల్లనాచు పట్టిందని, నేరుగా దాని మీదే చిమ్మడానికి సూదిలేని సిరంజితో మందు లాగుతూ పొద్దున్నే వంటింట్లో ఒంగి ఉన్న రూపను గుమ్మంలో నిలబడి చూసింది. తర్వాత అలమారలో చీటీ చదివింది. అడగాల్సింది రూపను. అడిగింది విజేందర్‌ను.

ఆదివారం మధ్యాహ్నం. రూప పెరట్లో నల్లా కింద అంట్లు తోముతోంది. కిటికీ తెరిచే ఉంది.

"తమ్మీ, ఒక ముచ్చటడుగుత, నిజం చెప్పాలె. అలమార్ల పప్పుడబ్బల ఎనక మందు సీస ఉన్నది. నీకెరుకనేనా?"

విజేందర్ దిగ్గున లేచాడని మంచం కిర్రుమనడంలోనే తెలిసింది. "మందు సీసనా? నాకేమెరుక? నాది కాదక్కా. అమ్మతోడు, నేనసలు ముట్టనే ముట్ట."

రూపకు నవ్వాగలేదు. అతను తాగే సీసా చెప్పులస్టాండు కింది అరలో ఉంటుంది. అక్క దాన్నే పట్టుకుందనుకున్నాడు పాపం. బుగ్గకు అంటిన నురగ భుజంతో తుడుచుకుంటూ, ఇప్పుడు తెలుస్తుంది, తెలిసి అతనూ నవ్వుతాడు, అనుకుంది.

"నీకెరుక లేకుంట ఉన్నదంటె ఇగ అనుమానమే లేదు" అంది కౌసల్య, గొంతు తగ్గించి. "పొద్దుగాల నా కండ్లతోటి చూసిన. సిరంజితోటి తీస్తాంది. చేతి ఏండ్లు చూసినవా, ఎట్ల రంగు తిరిగినయో? నీకు పెడ్తాంది తమ్మీ. అందుకే నీకు కూడు సయిస్తలేదు."

రూప చేతిలో గిన్నె ఆగింది. ఇక ఇప్పుడు. 'అక్కా, అది చేపల మందే, నేనే తెచ్చిన, రోజు ఆమెనే పోస్తది' అనాలి. అంత పొడుగు కూడా అక్కర్లేదు. 'చేపల మందే' అన్నా చాలు. నల్లా నీళ్ళు గిన్నె నిండి పొర్లుతున్నాయి.

"గట్లంటవా?" అన్నాడు విజేందర్.

సాయంత్రం అతను చొక్కా కోసం పెరట్లో దండెం దగ్గరికి వచ్చినప్పుడు రూప అడిగింది. "చెప్పకపోతివేంది?"

"నేను ఇంకోటనుకున్న రూపా. ఒక్కపారి నాకెరుక లేదన్నంక మల్ల ఎరుకనే అంటె ఎట్లుంటది?"

"నిజం చెప్పినట్టుంటది."

"మల్ల రోజు నువ్వే పోస్తవని చెప్పాలె గదా. అక్క ఊరందరికి చూపెట్టింది నా వీడియోలు. ఇజ్జత్ పోతది. జర ఆగు, మెల్లగ నేనే చెప్త. మంగళారం ఎక్కడికో తీస్కపోతదట, మందు తీపిచ్చనీకె. ఒక్కసారి పోయొస్తె ఆమె పానం నిమ్మళమైతది."

"పోతవా? నువ్వు?"

"అక్క మనసు కోసం."

"నా మనసో?"

"నీకేమైంది? నువ్వు పెట్టలేదని నీకెరుక, నాకెరుక. దునియాతోటి మనకేం పని?"

పోస్టు పెట్టిన ప్రతిసారీ ఎంతమంది చూశారోనని అన్నం మధ్యలో ఫోన్ తడుముకునే మనిషి ఆ మాటన్నాడు. రూపకు జవాబు తట్టింది గానీ అప్పటికే అతను చొక్కా గుండీలు పెట్టుకుంటూ లోపలికి పోయాడు. కట్ట దిక్కు పోయే వేళయింది.

మంగళవారం అక్కాతమ్ముడు బండి మీద ఎక్కడో గుట్టల దిక్కు ఊరికి పోయారు. ఇంట్లో అత్తాకోడళ్ళు మిగిలారు. రూప చాయ్ చేసి ఇచ్చింది. బిక్షమ్మ గ్లాసు అందుకొని, "ఏడిగున్నది, చల్లారనియ్యి" అంది. రూప బట్టలు ఆరేసి వచ్చేసరికి గ్లాసు ఖాళీగా ఉంది, గడప పక్క మల్లెమొక్క మొదట్లో మట్టి మీద చాయ్‌పత్తా ఉంది. రూప చూసింది. రూప చూసిందని బిక్షమ్మ చూసింది. కూలికి పోయి బిడ్డల్ని పెంచిన మనిషి, ఎన్నడూ మెతుకు పారేయని మనిషి, రూప చేసిన చాయ్ మట్టిలో పోసింది. కౌసల్య తిట్టినా అంత తగిలేది కాదు. ఆ సాయంత్రం పక్క క్వార్టర్ గ్లోరీ, ఎప్పుడూ కూర గిన్నె చాచుకొని వచ్చేది, గోడ అవతలి నుంచే, "ఇయ్యాల మా ఇంట్ల కూర మస్తున్నదక్కా, వద్దులే" అంది. కౌసల్య గ్లోరీతో ఎప్పుడు మాట్లాడిందో మరి.

పొద్దు వాలుతుండగా బండి వచ్చింది. విజేందర్ మొహం పాలిపోయి, కళ్ళు చింతనిప్పుల్లా ఉన్నాయి. ఏదో పసరు తాగించి కక్కించారట. కౌసల్య ఒక ప్లాస్టిక్ కవర్‌ను ప్రసాదంలాగా పట్టుకొచ్చి హాల్లో బల్ల మీద విప్పింది. "చూడు అమ్మా, గీ ఉండ. కొడుకు కడుపుల ఎన్నొద్దులసంది ఉన్నదో." రూప కూడా చూసింది. అది సగం నమిలిన గోంగూర కాడ అని చెప్పడానికి బీఎస్సీ అక్కర్లేదు. నిన్న తానే వండింది.

"కూసో రూపా" అంది కౌసల్య. రూప నిలబడే ఉంది. ట్యాంకు లైటు పచ్చటి వెలుతురు అందరి మొహాల మీదా పడుతోంది.

"నువ్వు చెడ్డదానివని అంటలేం. మొగడు తన మాట ఇనాలని ఆడిది గిట్లాంటి ఎర్రిపని చేస్తది. చేసినవ్. మందయితె పడిపోయింది. తప్పైందని ఒక్క మాట అను, తమ్ముని కాళ్ళు మొక్కు, గీడికే ఇడ్సిపెడ్తం. బయిట చెప్పం."

గ్లోరీ బయట కాదు కాబోలు. రూప విజేందర్ వైపు తిరిగింది. "నువ్వు చెప్పు."

విజేందర్ ట్యాంకు వైపు చూస్తున్నాడు. ఎర్రాకుల తీగను మొదటిసారి చూస్తున్నట్టు చూస్తున్నాడు. "ముందుగాల అక్క చెప్పేది ఇను" అన్నాడు.

అప్పుడు రూపకు కోపం రాలేదు. కోపం వస్తుందని ఎదురు చూసింది కూడా. వచ్చింది వేరే ఏదో, లెక్క తేలినప్పుడు కలిగే తెలివి లాంటిది. ఇన్నేళ్ళుగా తను కాపాడుకున్నది మంచి పేరు. ఎదురు మాట్లాడదు, వేళకు వండుతుంది, వచ్చినవాళ్ళకు మొహం చాటేయదు, బంగారం లాంటి పిల్ల. ఆ పేరు కూడా ఇంట్లో ఒక గిన్నే. రోజూ తోమాలి, లేకపోతే నల్లబడుతుంది, ఎంత తోమినా దాంట్లో తినేది తాను కాదు. దానికి మచ్చ పడితే తుడవడానికి మొగుడికి రెండు మాటల ఖర్చు. ఆ రెండు మాటలు పెట్టడానికి అతనికి మనసొప్పడం లేదు. అలాంటప్పుడు తానొక్కతే ఎందుకు తోముతోంది? కాదు, కాదు అని ఏడ్చి, దేవుడి పటం మీద చెయ్యేసి ఒట్టు పెట్టుకుంటే, రేపు పొద్దున మళ్ళీ అదే పొయ్యి, అదే బకెట్టు, అదే మెసేజ్. పైగా అందరూ వాసన చూసి తినే అన్నం. మచ్చ ఎలాగూ పడింది. పడినదానితో కనీసం ఒక పనైనా చేయించుకోవచ్చు కదా.

"పెట్టిన వదినా" అంది.

కౌసల్య ఏడుపుకు సిద్ధపడింది, బుకాయింపుకు సిద్ధపడింది, దీనికి కాదు. "ఏందీ?"

"మందు. నేనే పెట్టిన. చార్ల పెట్టిన, కూరల పెట్టిన, చాయ్‌ల గూడ పెట్టిన. చెయ్యికి అలవాటైపోయింది వదినా, ఇగ నేను ఆపుదామన్న ఆగేటట్టు లేదు. నేను వండితె పడనే పడ్తది. మల్ల మల్ల కక్కిపియ్యాలంటె ఆయన పానం ఏమైతది? అందుకని ఇయ్యాల్టిసంది ఆయనకు నేను వండ, పెట్ట."

"రూపా! నీకేమన్న పిసగిట్ల లేసిందా?" విజేందర్ లేచి నిలబడ్డాడు.

రూప అతణ్ణి నిదానంగా చూసింది. అది అబద్ధమని ఆ గదిలో ఖాయంగా తెలిసినవాడు అతనొక్కడే. అబద్ధం అనాలంటే ముందు నిజం చెప్పాలి. విజేందర్ అక్క వైపు చూశాడు, తల్లి వైపు చూశాడు, మళ్ళీ కూర్చున్నాడు.

"మల్ల తమ్మునికెవరొండుతరు?" అంది కౌసల్య. అడిగాక గానీ ఆ ప్రశ్న ఎటు పోతుందో ఆమెకు తట్టినట్టు లేదు. "నేనుండనీకె లేదు, రేపు పొద్దుగాల బస్సుకు పోవాలె, మేకలు ఈనెటట్టున్నయ్" అంటూ తల్లి వైపు చూసింది.

"నా దిక్కు చూడకుండ్రి" అంది బిక్షమ్మ. "నిలవడితె మోకాళ్ళు పట్కుంటయ్. వాడు గంత పెద్ద తొట్టె సాదుతాండు గదా, గింత అన్నం వండుకోలేడా?"

ఎవరూ నవ్వలేదు. రూపకు వచ్చింది గానీ మింగింది. బిక్షమ్మ కోడలి వైపు కొంచెంసేపు చూసి, గొంతు తగ్గించి అడిగింది. "బిడ్డా, నిజం చెప్పు. నాకు గూడ పెట్టినవా?"

"లేదత్తమ్మా. నీకు పెట్టలె. నీతోటి నాకేం పని?"

బిక్షమ్మ ఆ మాటను కాసేపు లోపల అటూ ఇటూ తిప్పి చూసుకుంది. పెట్టినవాళ్ళకు పెట్టినానని మొహం మీదే చెప్పిన మనిషి, పెట్టలేదంటే పెట్టలేదన్నట్టే. "అయితె నాకింత అన్నమెయ్యి" అంది. "షుగర్ గోళీ ఏస్కోవాలె. పొద్దటిసంది ఏం తినలె, కండ్లు తిరుగుతున్నయ్."

"అమ్మా!" అంది కౌసల్య.

"నువ్వూకో. ఒప్పుకున్నది గదా."

రూప వంటింట్లోకి పోయింది. రెండు కంచాలు తీసింది, అత్తకు ఒకటి, తనకు ఒకటి. అన్నం పెట్టింది, పప్పు వేసింది. కౌసల్యకు పెట్టాలా వద్దా అని ఆలోచించి, అడిగితే పెడదామని గరిటె గిన్నెలోనే ఉంచింది.

వెనక అడుగుల చప్పుడు. విజేందర్. అలమారకూ రూపకూ మధ్య, దొంగలాగా ఒదిగి నిలబడ్డాడు. ఇప్పుడంటాడేమో, అనుకుంది. అక్కది తప్పు, నాది తప్పు అని కాదు. 'నా వల్ల నీకు తిప్పలొచ్చింది' అని. ఉత్త 'రూపా' అన్నా వినడానికి ఆమె లోపల ఏదో ఇంకా నిలబడే ఉంది.

విజేందర్ హాలు వైపు ఒకసారి తొంగిచూసి, చెవి దగ్గరగా వంగి, గుసగుసగా అడిగాడు.

"అంత మంచిదే గని, రేపొద్దుగాల మందెవరు పోస్తరు?"

రూప గరిటె కింద పెట్టింది. అతని వైపు తిరిగింది. హాల్లో కూర్చున్న ఇద్దరికీ ప్రతి అక్షరం వినబడేటట్టు, తొందర లేకుండా అడిగింది.

"ఏ మందు?"